అణువుల నిర్మాణాలను వేగంగా వెతకడానికి ఏ ఇండెక్స్ పెట్టాలి?

ప్రశ్న: కొత్తకొమ్మ

మా సాఫ్ట్‌వేర్‌లో దాదాపు 12 లక్షల చిన్న అణువుల నిర్మాణాలు ఒక పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లో ఉన్నాయి. ఒక్కో అణువుకు ఒక వరుస; అందులో స్మైల్స్ పద్ధతిలో (అణువు నిర్మాణాన్ని అక్షరాల వరుసగా రాసే పద్ధతి) రాసిన స్ట్రింగ్, దాని పక్కన అణుభారం, నమూనా సంఖ్య వంటి మామూలు వివరాలు. వాడేవారు మూడు రకాలుగా వెతుకుతారు. తాము గీసిన అణువు ఇప్పటికే టేబుల్‌లో ఉందా అన్నది ఒకటి. తాము గీసిన ముక్క ఏయే అణువుల్లో ఉందన్నది రెండోది. తాము గీసినదానికి దగ్గరగా ఉన్న అణువులను దగ్గరితనం వరుసలో చూపమన్నది మూడోది.

మొదటి రెండూ ఇప్పుడు స్ట్రింగుల పోలికతోనే నడుస్తున్నాయి. స్ట్రింగ్ మీద బీ-ట్రీ ఇండెక్స్ (విలువలను వరుసలో పేర్చి ఉంచేది) ఉంది, ముక్కల కోసం లైక్ క్వెరీ (స్ట్రింగ్ లోపల చిన్న స్ట్రింగ్‌ను వెతికేది) ఉంది. ఇథనాల్‌ను ఒకరు సీసీఓ అనీ, మరొకరు ఓసీసీ అనీ రాస్తారు. రెండూ సరైనవే, రెండూ ఒకే అణువు. కానీ టేబుల్ వాటిని రెండుగా లెక్కిస్తుంది. ముక్కల విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. వలయాన్ని ఎక్కడ తెంచి రాయడం మొదలుపెట్టారు, కొమ్మను ముందు రాశారా వెనక రాశారా అన్నదాన్ని బట్టి, నిర్మాణంలో పక్కపక్కనే ఉన్న పరమాణువులు స్ట్రింగ్‌లో ఎక్కడెక్కడో పడతాయి. కాబట్టి లైక్ క్వెరీకి దొరికినవి కొన్నే, దొరకనివి ఎన్నో చెప్పలేము.

ఆర్‌డీకిట్ అనే రసాయన లైబ్రరీతో ఒక్కో అణువునూ గ్రాఫ్‌గా (పరమాణువులు బిందువులుగా, బంధాలు గీతలుగా) మార్చి పోల్చి చూస్తే జవాబులు సరిగ్గానే వస్తున్నాయి. అయితే ప్రతి క్వెరీకీ టేబుల్ మొత్తం తిరగడం తెర ముందు కూర్చున్నవారు భరించగలిగే ఆలస్యం కాదు. ఈ మూడు అవసరాలకూ సరిపోయే ఒకే ఇండెక్స్ ఏదైనా ఉందా, లేక దేనికది విడిగా పెట్టుకోవాలా? ఫింగర్‌ప్రింట్ అన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తోంది. దాన్ని ఏ పనికి ఎంతవరకు నమ్మవచ్చో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: షడ్భుజి

విడివిడిగానే పెట్టుకోవాలి. మీ మూడు ప్రశ్నల్లో మొదటిది సమానత్వం గురించి, రెండోది ఒకదానిలో మరొకటి ఇమడడం గురించి, మూడోది దూరం గురించి. బీ-ట్రీ వంటి మామూలు ఇండెక్స్ మొదటిదానికి చక్కగా పనికొస్తుంది. మిగిలిన రెండింటికీ ఇండెక్స్ నేరుగా జవాబు ఇవ్వదు; జవాబు అయ్యే అవకాశమే లేని అణువులను ముందుగా పక్కకు తప్పిస్తుంది, మిగిలినవాటిని అసలు పరీక్ష తేలుస్తుంది. ఈ రెండు పనులను కలిపేసి ఆలోచించినందువల్లే చాలా ప్రాజెక్టుల్లో తప్పు జవాబులు వేగంగా వస్తుంటాయి.

సమానత్వానికి కావలసింది, ఒక అణువును ఎవరు ఎలా గీసినా ఒకే పేరు వచ్చేలా పరమాణువులకు క్రమం నిర్ణయించడం. ఈ ఆలోచన పాతదే. 1965లో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్‌కు చెందిన మోర్గన్ ప్రచురించిన పద్ధతిలో ప్రతి పరమాణువుకూ ముందుగా దాని పొరుగు పరమాణువుల సంఖ్యను విలువగా ఇస్తారు. ఆపైన ప్రతి విడతలోనూ పొరుగువాటి విలువలను కూడి కొత్త విలువ కడతారు. వేరువేరు విలువల సంఖ్య ఇక పెరగడం లేదని తేలినప్పుడు ఆపుతారు. నేటి లైబ్రరీలు ఇంతకంటే మెరుగైన పద్ధతులు వాడుతున్నా మూలసూత్రం ఇదే. మీరు స్మైల్స్‌ను కానానికల్ (ఒక్కో అణువుకు ఒకే ఒక్క) రూపంలోకి మార్చి దాచుకోవచ్చు. కానీ కానానికల్ స్మైల్స్ ఒక్కో లైబ్రరీలో ఒక్కోలా వస్తుంది, ఒకే లైబ్రరీలో వెర్షన్‌తో పాటు మారవచ్చు కూడా. అందువల్ల ఇండెక్స్ కోసం ఇంచీకీని, అంటే ఇంచీ అనే ప్రామాణిక అణు గుర్తింపు స్ట్రింగ్‌ను హ్యాష్ చేసి తీసిన పొట్టి కీని, వాడమని సూచిస్తాను.

ఇంచీకీ 27 అక్షరాల స్థిరమైన కీ. 14, 10, 1 అక్షరాల మూడు భాగాలు, వాటి మధ్యలోని రెండు గీతలు కలిపి ఆ 27. మొదటి 14 అక్షరాలు ఏ పరమాణువు దేనితో కలిసి ఉందన్న అస్థిపంజరం నుంచి వస్తాయి; రెండో భాగంలో స్టీరియో (పరమాణువులు త్రిమితీయంగా అమరిన తీరు), ఐసోటోపు వంటి వివరాలు, కీ ఏ రకానిదో తెలిపే గుర్తులు ఉంటాయి; చివరి అక్షరం ప్రోటాన్ల హెచ్చుతగ్గులను చెబుతుంది. ఎల్-అలనైన్, డీ-అలనైన్ రెండింటి కీలను పక్కపక్కన పెట్టి చూడండి: మొదటి 14 అక్షరాలు అచ్చంగా ఒకటే, రెండో భాగం వేరు. ఇది మీకు ఎంతో ఉపయోగపడే గుణం. పూర్తి కీని ఒక కాలమ్‌లో, మొదటి 14 అక్షరాలను మరో కాలమ్‌లో పెట్టి రెండింటి మీదా బీ-ట్రీ వేస్తే, ‘సరిగ్గా ఇదే అణువు’, ‘స్టీరియో ఎలా ఉన్నా ఇదే అస్థిపంజరం’ అన్న రెండు ప్రశ్నలకూ తక్షణం జవాబు దొరుకుతుంది. కీ అన్నది హ్యాష్ కాబట్టి, కీలు కలిసినప్పుడు పూర్తి ఇంచీ స్ట్రింగులను కూడా పోల్చి నిర్ధారించుకోవడం మంచి అలవాటు. ఆ పోలికకు అయ్యే ఖర్చు లేనట్టే.

ముక్కల వెతుకులాట దగ్గరే అసలు విషయం ఉంది. ఒక గ్రాఫ్‌లో మరో గ్రాఫ్ ఇమిడి ఉందా అన్న సమస్య సాధారణ రూపంలో ఎన్‌పీ-కంప్లీట్, అంటే ఎప్పుడూ వేగంగా తేల్చే పద్ధతి ఏదీ తెలియని రకం. అణువుల్లో ఒక్కో పరమాణువుకు పొరుగువారు చాలా తక్కువ కాబట్టి 1976 నాటి ఉల్‌మన్ పద్ధతి గానీ, తర్వాతి వీఎఫ్2 గానీ ఒక్క అణువు మీద సాధారణంగా త్వరగానే పూర్తవుతాయి. భారమంతా ఆ పనిని 12 లక్షల సార్లు చేయడంలో ఉంది. అందుకే ముందు జల్లెడ పడతారు. ప్రతి అణువుకూ ముందుగానే ఒక బిట్ల వరుస తయారు చేస్తారు, దాన్నే ఫింగర్‌ప్రింట్ అంటారు. అణువులో ఫలానా చిన్న ఆకృతి ఉంటే ఫలానా బిట్ 1 అవుతుంది. క్వెరీ ముక్కకూ అదే పద్ధతిలో బిట్లు కడతారు. క్వెరీలో 1 ఉన్న ప్రతిచోటా అణువులోనూ 1 ఉంటేనే ఆ అణువును అసలు పరీక్షకు పంపుతారు.

ఇక్కడ ఏమాత్రం సడలించకూడని నియమం ఒకటి ఉంది. ముక్క అణువులో నిజంగా ఉంటే, ముక్క బిట్లన్నీ అణువులో తప్పనిసరిగా ఉండాలి. జల్లెడ అనవసరమైనవాటిని కొన్ని దాటనిస్తే కాస్త సమయం పోతుంది, అంతే. ఉండవలసినదాన్ని ఒక్కదాన్ని ఆపేసినా జవాబు తప్పవుతుంది, ఆ తప్పు ఎవరి కంటా పడదు. హ్యాష్ వల్ల రెండు వేరు ఆకృతులు ఒకే బిట్‌లో పడడం మొదటి రకం నష్టమే కాబట్టి దానికి భయపడనక్కరలేదు. మాక్స్ 166 కీలు, పబ్‌కెమ్ అనే బహిరంగ అణు డేటాబేస్ వాడే 881 బిట్ల ఫింగర్‌ప్రింట్ వంటి వాటిలో ప్రతి బిట్‌కూ ముందే నిర్ణయించిన అర్థం ఉంటుంది. డేలైట్ అనే సాఫ్ట్‌వేర్ తరహాలో అణువులోని దారులన్నిటినీ నడిచి, ఒక్కో దారినీ హ్యాష్ చేసి 1024 లేదా 2048 బిట్లలో పరిచే పద్ధతి ఇంకొకటి. ముక్కలో ఉన్న దారి ఆ ముక్కను కలిగిన అణువులోనూ ఉండి తీరుతుంది కాబట్టి దారుల పద్ధతి ఈ నియమానికి లోబడే ఉంటుంది.

కొత్తకొమ్మ

ఇంచీకీ సంగతి స్పష్టమైంది, ఆ రెండు కాలమ్‌లూ ఈ రోజే పెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. దగ్గరితనం కోసం మోర్గన్ ఫింగర్‌ప్రింట్ (ప్రతి పరమాణువు చుట్టుపక్కల పరిసరాలను బిట్లుగా రాసేది) ఎలాగూ కట్టాలి కదా, ముక్కల జల్లెడకు కూడా దాన్నే వాడితే ఒక కాలమ్ మిగులుతుంది, అలా చేయవచ్చునా? రెండోది, ఒక నమూనా టేబుల్ మీద కార్ట్రిడ్జ్‌తో (పోస్ట్‌గ్రెస్‌లోనే ఆర్‌డీకిట్‌ను నడిపే జోడింపు) జిస్ట్ ఇండెక్స్ (చెట్టు ఆకారంలోని ఒక రకం ఇండెక్స్) పెట్టి చూశాను. అరుదైన ముక్కలకు క్షణంలో జవాబు వస్తోంది, కానీ బెంజీన్ వలయం ఒక్కటే ఇస్తే ఇండెక్స్ ఉన్నా లేకపోయినా ఒకేలా ఉంది. ఇది నా అమరికలోని లోపమా, లేక సహజమేనా?

సమాధానం: బిట్లవరుస

మోర్గన్ ఫింగర్‌ప్రింట్‌ను ముక్కల జల్లెడకు వాడకూడదు. కారణాన్ని మీ ఇథనాల్ మీదే చూద్దాం. సీసీఓ అన్న ముక్కను హైడ్రోజన్ల మాట పట్టించుకోని క్వెరీగా ఇస్తే, డైఇథైల్ ఈథర్ కూడా జవాబులో రావాలి. ఎందుకంటే అందులోనూ కార్బన్, కార్బన్, ఆక్సిజన్ వరుసగా ఉన్నాయి. ఇప్పుడు ఆక్సిజన్‌ను మోర్గన్ ఫింగర్‌ప్రింట్ ఎలా చూస్తుందో గమనించండి. ఇథనాల్‌లోని ఆక్సిజన్‌కు హైడ్రోజన్ కాని పొరుగు ఒకటి, హైడ్రోజన్ ఒకటి. ఈథర్‌లోని ఆక్సిజన్‌కు పొరుగు పరమాణువులు రెండు, హైడ్రోజన్ లేదు. ఈ ఫింగర్‌ప్రింట్ ప్రతి పరమాణువు గుర్తింపును సరిగ్గా ఈ వివరాలతోనే మొదలుపెడుతుంది కాబట్టి, చుట్టూ ఒక్క అడుగు కూడా వేయకముందే రెండు ఆక్సిజన్లూ వేరువేరు బిట్లలో పడతాయి. జల్లెడ ఈథర్‌ను తోసేస్తుంది. ఒక పరమాణువు పరిసరాలను పూర్తిగా వర్ణించడమే దాని బలం. ముక్క చివర్లలో పరిసరాలు అసంపూర్ణంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ అదే అడ్డంకి. ఆర్‌డీకిట్‌లో ముక్కల జల్లెడ కోసమే ప్యాటర్న్ ఫింగర్‌ప్రింట్ విడిగా ఉంది, దాన్ని వాడండి. కాలమ్ ఒకటి ఎక్కువైతే నష్టమేమీ లేదు.

అదే ధోరణిలో మరో జాగ్రత్త. క్వెరీలో ‘ఇక్కడ ఏ హాలోజన్ అయినా సరే’, ‘ఈ బంధం ఏకబంధం గానీ ఆరోమాటిక్ గానీ కావచ్చు’ (ఆరోమాటిక్ అంటే బెంజీన్ వలయంలో ఉండే తరహా బంధం) వంటి వదులు షరతులు ఉంటే, ఆ భాగాల మీదుగా వెళ్లే దారుల బిట్లను క్వెరీ ఫింగర్‌ప్రింట్‌లో వేయకూడదు. ఖచ్చితంగా తెలిసిన భాగాల బిట్లు మాత్రమే వేయాలి. సొంతంగా జల్లెడ రాసేవారి ప్రోగ్రాముల్లో అణువులు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

బెంజీన్ సంగతి సహజమే. మందుల తరహా అణువుల సంగ్రహంలో అధిక భాగానికి బెంజీన్ వలయం ఉంటుంది. జవాబే టేబుల్‌లో పెద్ద భాగమైనప్పుడు ఏ ఇండెక్సూ పనిని తగ్గించలేదు. అలాంటి క్వెరీకి మొదటి పేజీకి కావలసినన్ని జవాబులు రాగానే ఆపి, వాడేవారు అడిగితే మిగతావి తెచ్చివ్వడం తప్ప వేరే మార్గం లేదు. జవాబులను అణుభారం వరుసలో పేర్చి చూపమని మాత్రం ఆ స్థితిలో అడగకండి. పేర్చాలంటే అన్నీ దొరికే వరకు ఆగాలి కాబట్టి ముందే ఆపే లాభమంతా పోతుంది.

జిస్ట్ ఇండెక్స్ గురించి తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. చెట్టులో పై కొమ్మ తన కింది అణువులన్నిటి బిట్లనూ కలిపి ఒకే వరుసగా దాచుకుంటుంది. కింద వందల అణువులు ఉన్నప్పుడు ఆ కలిపిన వరుసలో దాదాపు ప్రతి బిట్ 1 అయిపోతుంది, అంటే ఆ కొమ్మ ఏ క్వెరీనీ కాదనలేదు. వెతుకులాట ప్రతి కొమ్మలోకీ దిగాల్సి వస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపే పోస్ట్‌గ్రెస్ ఆదేశం) నడిపి, ఇండెక్స్ రీచెక్‌లో తొలగించిన వరుసలు ఎన్నో చూపే పంక్తిని చదవండి. జల్లెడ దాటాక అసలు పరీక్షలో విఫలమైన అణువుల సంఖ్య అదే. అది పెద్దదైతే ఫింగర్‌ప్రింట్ బలహీనం. అది చిన్నదై, సమయం మాత్రం ఎక్కువైతే చెట్టు మీద తిరగడమే భారం అన్నమాట.

సొంతంగా ప్రోగ్రామ్ రాసే వీలుంటే, ఫింగర్‌ప్రింట్లను అడ్డంగా కాక నిలువుగా దాచే పద్ధతిని పరిశీలించమని గట్టిగా చెబుతాను. మీ లెక్కలే తీసుకుందాం. 2048 బిట్లంటే 256 బైట్లు. 12 లక్షల అణువులకు దాదాపు 307 మెగాబైట్లు. అణువు తర్వాత అణువుగా దాచితే ప్రతి క్వెరీకీ ఆ మొత్తాన్నీ చదవాలి. దానికి బదులు, ఒక్కో బిట్ స్థానానికి ఒక నిలువు వరుస పెట్టి, అందులో ఏయే అణువులకు ఆ బిట్ ఉందో రాయండి. ఒక్కో నిలువు వరుస 12 లక్షల బిట్లు, అంటే 150 కిలోబైట్లు. క్వెరీలో 40 బిట్లు ఉంటే 40 వరుసలు, మొత్తం 6 మెగాబైట్లు చదివి, వాటిని ఒకదానితో ఒకటి ఆండ్ చేస్తే జల్లెడ పూర్తవుతుంది. పని దాదాపు యాభయ్యో వంతుకు తగ్గింది. అన్నిటికంటే అరుదైన బిట్‌తో మొదలుపెడితే రెండు మూడు వరుసలకే అభ్యర్థులు కొద్దిమంది మిగులుతారు, అప్పుడు మిగిలిన వరుసలు చదవకుండా నేరుగా గ్రాఫ్ పరీక్షకు వెళ్లిపోవచ్చు. గ్రాఫ్ పరీక్షలోనూ అదే తెలివి పనిచేస్తుంది: పోలికను కార్బన్‌తో కాక, ముక్కలో ఉన్న బ్రోమిన్ లేదా గంధకంతో మొదలుపెడితే, తప్పు దారులు మొదటి అడుగులోనే మూసుకుపోతాయి. ఫుల్లరీన్ వంటి అతి సౌష్ఠవమైన పంజరాల మీద మాత్రం పోలిక ఎంతకీ తెమలకపోవచ్చు కాబట్టి ఒక్కో అణువుకు కాలపరిమితి పెట్టి, పరిమితి దాటినవాటిని ‘తేలలేదు’ అని విడిగా చూపండి. వాటిని ‘లేదు’ కింద జమకట్టవద్దు.

సమాధానం: దూరమానం

పైవారు దగ్గరితనాన్ని వదిలేశారు కాబట్టి అది నేను చెబుతాను. ఇక్కడ మోర్గన్ ఫింగర్‌ప్రింటే సరైనది. సాధారణంగా వాడే కొలత టానిమోటో: రెండింటిలోనూ ఉన్న బిట్ల సంఖ్యను, రెండింటిలో ఏ ఒక్కదానిలోనైనా ఉన్న బిట్ల సంఖ్యతో భాగిస్తారు. ఇండెక్స్ లేకుండానే దీన్ని చాలా వేగంగా లెక్కించవచ్చన్నది చాలామంది గమనించరు. ప్రాసెసర్‌లో 1 బిట్లను లెక్కించే పాప్‌కౌంట్ ఆదేశం ఉంటే, మీ 307 మెగాబైట్ల పని మెమరీ వేగం మీదే ఆధారపడుతుంది. సెకనుకు 10 గిగాబైట్లు చదవగల యంత్రంలో అది 31 మిల్లీసెకన్ల పని.

దాన్ని ఇంకా తగ్గించే ఉపాయం 2007లో స్వామిదాస్, బాల్డీ ప్రచురించారు. అణువులను వాటి 1 బిట్ల సంఖ్య ప్రకారం గుంపులుగా పేర్చుకోండి. క్వెరీకి 60 బిట్లు ఉన్నాయి, కనీసం 0.8 దగ్గరితనం కావాలి అనుకుందాం. 48 కంటే తక్కువ బిట్లున్న అణువు తన బిట్లన్నీ కలిసినా 0.8 చేరుకోలేదు, 75 కంటే ఎక్కువ ఉన్నది క్వెరీ బిట్లన్నీ కలిసినా చేరుకోలేదు. కాబట్టి 48 నుంచి 75 వరకు ఉన్న గుంపులు చూస్తే చాలు, ఒక్క జవాబు కూడా తప్పిపోదు. ‘అతి దగ్గరి 20 చూపండి’ అన్నప్పుడు 60 గుంపుతో మొదలుపెట్టి రెండు వైపులా బయటికి వెళుతూ, తర్వాతి గుంపులో సాధ్యమైన గరిష్ఠ విలువ ఇప్పటికి దొరికిన ఇరవయ్యోదాని విలువకంటే తగ్గగానే ఆపవచ్చు. కోరిన దగ్గరితనం 0.3 వరకు దిగితే హద్దులు 18 నుంచి 200 వరకు సాగుతాయి, అప్పుడు ఈ ఉపాయం దాదాపు ఏమీ తప్పించదు. ఆ స్థాయిలో దగ్గరితనం చెప్పే రసాయన అర్థం కూడా పలుచనే.

హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వంటి ఉజ్జాయింపు పద్ధతులు కూడా వాడమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. 12 లక్షలకు వాటి అవసరం లేదు. పబ్‌కెమ్‌లో 10 కోట్లకు పైగా అణువులు ఉన్నాయి. 10 కోట్లకు 2048 బిట్ల వరుసలు 25.6 గిగాబైట్లు, అదీ ఒక మంచి సర్వర్ మెమరీలో పట్టేదే. జీడీబీ-17 లాంటి సంగ్రహం, అంటే హైడ్రోజన్ కాని పరమాణువులు గరిష్ఠంగా 17 ఉండేలా లెక్కగట్టిన 16,600 కోట్ల అణువులు, దగ్గరికి వచ్చాక మాత్రమే ఉజ్జాయింపు తప్పనిసరి అవుతుంది. ఉజ్జాయింపు అంటే కొన్ని నిజమైన జవాబులు రాకపోవచ్చు. ఆ సంగతి తెర మీద వాడేవారికి కనిపించేలా రాయడం బాధ్యత అని నా అభిప్రాయం. ‘ఇలాంటి అణువు ఎక్కడా లేదు’ అని నమ్మి ఒకరు నెలల పాటు ప్రయోగశాలలో శ్రమించవచ్చు.

కొత్తకొమ్మ

నిలువు వరుసల పద్ధతి మాకు సరిపోయేలా ఉంది. చివరిగా ఒకటి అడుగుతాను. ఇంచీకీ కాలమ్ నింపాక, వేరు అనుకున్న వరుసలు కొన్ని ఒకే కీకి వచ్చాయి. ఒకటే అనుకున్న కొన్ని జతలకు మాత్రం వేరు కీలు వచ్చాయి. రెండో రకంలో లవణాలు, కీటో-ఈనాల్ జతలు కనిపిస్తున్నాయి. దీన్ని ఎలా సర్దుకోవాలి?

సమాధానం: షడ్భుజి

అది ఇండెక్స్ తేల్చగల విషయం కాదు, ఏది ఒకటో ఏది వేరో మీరు ముందుగా నిర్ణయించాలి. ప్రామాణిక ఇంచీ కొన్ని రకాల కదిలే హైడ్రోజన్లను ఒకటిగా చూస్తుంది: 2-పిరిడోన్‌కూ 2-హైడ్రాక్సీపిరిడిన్‌కూ ఒకే కీ వస్తుంది. మీ మొదటి రకం జతల్లో ఇలాంటివి ఉండి ఉంటాయి. కార్బన్ మీదికి హైడ్రోజన్ కదిలే కీటో-ఈనాల్ జతలను మాత్రం అది మామూలుగా కలపదు. ఎసిటైల్ ఎసిటోన్ రెండు రూపాలకూ వేరువేరు కీలు వస్తాయి. సోడియం ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం కూడా అంతే, సోడియం ఉన్నదీ లేనిదీ వేరు అణువుల గుంపులే కదా. నా సలహా ఏమిటంటే, ప్రతి వరుసలో నమోదైన రూపపు కీ ఒకటి, లవణపు భాగాలు తీసేసి టాటోమర్‌ను (హైడ్రోజన్ చోటు మారడంతో వచ్చే రూపాన్ని) ఒకే రూపానికి తెచ్చాక వచ్చిన మాతృరూపపు కీ మరొకటి దాచండి. సీసా మీద ఏముందో మొదటిది చెబుతుంది, పరిశోధకులు సాధారణంగా వెతికేది రెండోదాని ద్వారా దొరుకుతుంది. అసలు రూపాన్ని చెరిపి మాతృరూపాన్ని మాత్రమే ఉంచే పని మాత్రం చేయకండి, పోయిన వివరం మళ్లీ రాదు.

ఈ సర్దుబాట్లన్నీ క్వెరీ మీద కూడా అదే క్రమంలో జరగాలి. టేబుల్‌లోని అణువులకు ఒక ఆరోమాటిక్ నియమం, గీసిన ముక్కకు మరో నియమం వర్తిస్తే, ఏకబంధాలూ ద్విబంధాలూ ఒకదాని తర్వాత ఒకటిగా గీసిన వలయానికి ఆరోమాటిక్ వలయం ఎప్పటికీ జత కాదు. దీన్ని పరీక్షించడానికి మీ టేబుల్ నుంచి కొన్ని వేల అణువులను తీసి, వాటినే కోసి చేసిన ముక్కలను క్వెరీలుగా ఇచ్చి, జల్లెడతో వచ్చిన జవాబులనూ జల్లెడ లేకుండా నేరుగా పోల్చి తెచ్చిన జవాబులనూ సరిచూడండి. రెండోదానిలో ఉండి మొదటిదానిలో లేని అణువు ఒక్కటి కనిపించినా అది వెంటనే సరిదిద్దవలసిన దోషమే. లైబ్రరీ వెర్షన్‌ను, ఫింగర్‌ప్రింట్ అమరికలను ఇండెక్స్‌తో పాటే దాచి, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు పోల్చి చూసుకోండి. అవి కలవకపోతే ఇండెక్స్‌ను తిరిగి కట్టే వరకు ముక్కల వెతుకులాటను తెరవకండి.